చెవి కాలువ లేకుండా పుట్టిన బిడ్డకు లోపలి చెవి బాగుందో లేదో ఎలా తేల్చాలి?

పసిపిల్లల_క్లినిక్:

మూడు నెలల పాప గురించి అడుగుతున్నాను. కుడి చెవి డొప్ప ఉండాల్సిన చోట నిలువుగా చిన్న కండ, దాని కింద తమ్మెలాంటి ముద్ద, అంతే. కాలువ అసలు లేదు. ఎడమ చెవి చూడ్డానికి మామూలుగా ఉంది, పుట్టినప్పుడు చేసిన ఓఏఈ (లోపలి చెవి తిరిగి పంపే చిన్న శబ్దాన్ని పట్టే పరీక్ష) ఆ చెవిలో పాస్ అయింది. దవడ రెండు వైపులా సమంగానే ఉంది. ఏడ్చేటప్పుడు ముఖం రెండు పక్కలా ఒకే తీరుగా కదులుతోంది. నెలలు నిండిన కాన్పే, గర్భంలో ఉండగా తల్లి చెప్పుకోదగ్గ మందులేవీ వాడలేదు.

కుడి చెవికి గాలి ద్వారా క్లిక్ బెరా (శబ్దానికి వినికిడి నరం దారిలో వచ్చే విద్యుత్ స్పందనను అలలుగా రికార్డు చేసే పరీక్ష) చేశారు. 60 డెసిబెల్స్ దగ్గర, స్పందనకు గుర్తైన ఐదో అల లేదు, 70 దగ్గర కనబడింది. కింద "కుడి చెవిలో తీవ్ర వినికిడి లోపం" అని రాసి వదిలేశారు. ఎముక ద్వారా పరీక్ష చెయ్యలేదు. తల్లిదండ్రులకు ఒకరేమో వెంటనే సీటీ తీయించమన్నారట, ఇంకొకరు "బయటి చెవిదే సమస్య, లోపల అంతా బాగుంటుంది, ఐదేళ్లకు రండి" అన్నారట. నాకు రెండు మాటలూ రుచించలేదు.

కాలువ లేని చెవిలో నత్త (లోపలి చెవిలో వినే భాగం), అర్ధవృత్తాకార కాలువలు (బ్యాలెన్స్ చూసే భాగం) కూడా దెబ్బతినే అవకాశం నిజంగా ఎంత? ఇప్పుడు ఏ పరీక్ష అడగాలి, సీటీ ఎప్పుడు అడగాలి? అడిగితే రిక్వెస్ట్‌లో ఏం రాయాలి? చివరి ప్రశ్న మీదే నాకు ఎక్కువ పట్టు లేదు.

ఆడియో_గది:

ముందు ఆ రిపోర్టు సంగతి చూద్దాం. కుడి చెవికి 70 డెసిబెల్స్ ఇచ్చినప్పుడు వచ్చిన ఐదో అల కుడి చెవిదేనని ఎలా తెలుసు? ఎడమ చెవి విని స్పందించకుండా దానికి మాస్కింగ్ శబ్దం ఇచ్చినట్టు రిపోర్టులో ఉందా? కాలువ లేదు కాబట్టి చెవిలో దూర్చే ఇన్సర్ట్ ఫోను పట్టదు, తల మీద హెడ్‌ఫోన్ పెట్టి ఉంటారు. హెడ్‌ఫోన్‌లో అంత శబ్దమిస్తే అది పుర్రె దాటి బాగున్న ఎడమ నత్తకు చేరిపోతుంది. మాస్కింగ్ లేని పక్షంలో ఆ 70 అనే అంకె ఎడమ చెవిది కూడా కావచ్చు. రెండోది, కాలువ పూర్తిగా మూసుకుపోతే అదొక్కటే 40 నుంచి 60 డెసిబెల్స్ దాకా మింగేస్తుంది. "తీవ్ర లోపం" అని రాసినాయన నత్త గురించి ఏమీ చెప్పలేదు, తలుపు మూసి ఉందని మాత్రమే చెప్పాడు.

ఇలాంటి పిల్లల్లో నత్త సంగతి తేల్చేది ఎముక ద్వారా చేసే బెరా. ఓఏఈ ఆ చెవికి చెయ్యలేం, టింపనోమెట్రీ (కర్ణభేరి కదలికను చూసే పరీక్ష) చెయ్యలేం. పాపకు మూడు నెలలంటే ఇదే సరైన సమయం. పాలు తాగి మత్తుమందు లేకుండా నిద్రపోయే వయసు, ఇంకో రెండు మూడు నెలలు పోతే సెడేషన్ కావాల్సి రావచ్చు. నిద్ర ఆపుకుని, ఆకలితో తీసుకురమ్మనండి. ఎలక్ట్రోడ్లు అంటించాక పాలు పట్టాలి.

చేసేవాళ్లకు ఇవి రాసి పంపండి. వైబ్రేటర్‌ని (ఎముకను కంపింపజేసే పరికరాన్ని) నుదుటి మీద పెట్టకూడదు, అక్కడ పెడితే థ్రెషోల్డ్ (స్పందన వచ్చే కనీస శబ్దం) చెడ్డగా వస్తుంది. చెవి ఉండాల్సిన చోటికి కొంచెం పైన, కొంచెం వెనక, కణత ఎముక మీద పెట్టాలి. మైక్రోషియా (డొప్ప సరిగ్గా ఏర్పడకపోవడం) ఉన్న పిల్లలకు ఆ చోటు వెతకడమే సగం పని, ఎందుకంటే డొప్ప గుర్తు ఉండదు, మిగిలిన కండ కూడా తరచూ కిందికి, ముందుకి జారి ఉంటుంది. ఎడమ చెవి ఎత్తు చూసుకుని దానికి సరిగ్గా ఎదురుగా గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. ఎలాస్టిక్ బ్యాండ్ బిగింపు 400 నుంచి 450 గ్రాముల బలం ఉండాలి, స్ప్రింగ్ తక్కెడతో ఒకసారి చూసుకుంటే చాలు. వదులైతే థ్రెషోల్డ్ ఊరికే చెడుతుంది.

రెండు చానెళ్లలో రికార్డు చెయ్యమనండి, ఇది తప్పనిసరి. నుదుటి మీద ఒకటి, రెండు చెవుల పక్కన ఒక్కొక్కటి. ఏ నత్త పలికిందో ఆ వైపు చానెల్‌లో ఐదో అల పెద్దదిగా, ముందుగా వస్తుంది. రెండో వైపు చిన్నదిగా, ఆలస్యంగా వస్తుంది. పెద్దవాళ్ల పుర్రెలో ఎముక కంపనం దాదాపు తగ్గకుండా అవతలి నత్తకు వెళ్తుంది. పసిపిల్లల పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోలేదు కాబట్టి దాటేటప్పుడు చెప్పుకోదగ్గంత తగ్గుతుంది. అందుకే మొదటి ఏడాదిలో ఈ రెండు చానెళ్ల పోలిక బాగా పనికొస్తుంది, తర్వాత దాని విలువ పడిపోతుంది. రెండు చెవులూ మూసుకుపోయిన పిల్లలకైతే ఇదే గతి, ఎందుకంటే అక్కడ మాస్కింగ్ పని చెయ్యదు: అవతలి చెవి మూత దాటేంత పెద్ద శబ్దం ఇస్తే అది తిరిగి పరీక్షించే నత్తకే వచ్చి చేరుతుంది. మీ పాపకు ఒక్క వైపే కాబట్టి ఎడమ చెవిలో గాలి ద్వారా మాస్కింగ్ కూడా పెట్టొచ్చు.

క్లిక్ ఒక్కటే సరిపోదు. 500, 2000 హెర్ట్జ్ టోన్ బరస్టులు (ఒకే పౌనఃపున్యం ఉన్న పొట్టి శబ్దాలు) కావాలి. పసిపిల్లలకు ఎముక ద్వారా 500 దగ్గర 20, 2000 దగ్గర 30 డెసిబెల్స్ ఎన్‌హెచ్‌ఎల్ (మామూలుగా వినేవాళ్లను సున్నాగా పెట్టుకున్న బెరా కొలమానం) చుట్టూ స్పందన వస్తే నత్త బాగున్నట్టే లెక్క. ఆల్టర్నేటింగ్ పోలారిటీ (శబ్దపు దిశను ప్రతిసారీ తిరగేయడం) వాడాలి, కుడి ఎలక్ట్రోడ్‌ని వైబ్రేటర్‌కు వీలైనంత దూరంగా, తమ్మె దగ్గరికి దించాలి. లేకపోతే వైబ్రేటర్ విద్యుత్ చప్పుడు మొదటి కొన్ని మిల్లీసెకన్లను మింగేస్తుంది.

వైబ్రేటర్‌కు ఒక పరిమితి ఉంది. పసిపిల్లలకు 500 దగ్గర సుమారు 50, 2000 దగ్గర సుమారు 60 దాటి ఇవ్వలేదు. అక్కడా స్పందన రాకపోతే నత్తలో గట్టి లోపం ఉందని చెప్పొచ్చు గానీ, అది ఎంత గట్టిదో ఈ పరీక్షతో చెప్పలేం. "స్పందన లేదు" అన్న మాటను "చెవి చచ్చిపోయింది" అని తల్లిదండ్రులకు అనువదించకండి.

ఇంకోటి: ఎడమ చెవికి ఓఏఈ పాస్ అయిందని ఊరుకోవద్దు. ఆ పాప మాట నేర్చుకునేది ఆ చెవితోనే. దానికి కూడా టోన్ బరస్ట్ బెరా పూర్తిగా, రెండు పౌనఃపున్యాల దగ్గరైనా, చేసి పెట్టుకోండి.

స్కాన్_చదువరి:

అవకాశం ఎంత అని అడిగారు కదా. కాలువ మూసుకుపోయి పుట్టడం సుమారు 10,000 నుంచి 20,000 కాన్పుల్లో ఒకటి. రెండు వైపులా రావడం కంటే ఒక వైపు రావడమే చాలా ఎక్కువ, అందులోనూ కుడి వైపు, మగపిల్లల్లో ఎక్కువ. వీళ్లలో లోపలి చెవి ఆకారంలో కూడా తేడా కనబడేది పది మందిలో ఒకరిద్దరికి. సిండ్రోములు ఎక్కువగా వచ్చే పెద్ద కేంద్రాల లెక్కల్లో ఈ వంతు పెరుగుతుంది. కాబట్టి "లోపల అంతా బాగుంటుంది" అన్న మాట చాలామందికి నిజమే, అయినా చూడకుండా అనకూడని మాట.

ఎందుకు బాగుంటుందంటే, ఒకే ఇంట్లో రెండు గదులను ఇద్దరు వేర్వేరు మేస్త్రీలు కట్టినట్టు ఇది. డొప్ప, కాలువ, మధ్య చెవి ఎముకలు మొదటి, రెండో బ్రాంకియల్ ఆర్చుల (పిండంలో మెడ దగ్గర ఏర్పడే మడతల) నుంచి, వాటి మధ్య చీలిక నుంచి వస్తాయి. లోపలి చెవి ఓటిక్ ప్లాకోడ్ అనే వేరే పలక నుంచి నాలుగో వారంలోనే మొదలై, మూడో నెల మొదలయ్యే వేళకు నత్త రెండున్నర చుట్లూ తిరిగేస్తుంది. కాలువ మాత్రం ఘనమైన కణాల ముద్దగా ఉండిపోయి, ఏడో నెల దరిదాపుల్లో గానీ పూర్తిగా తెరుచుకోదు. రెండూ కలిసి చెడాలంటే చాలా ముందే, నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య ఏదో తగలాలి, లేదా రెండింటినీ నడిపే జన్యువే చెడాలి. థాలిడోమైడ్ వాడిన 1957-61 నాటి తల్లుల పిల్లల్లో చెవి డొప్పతో పాటు లోపలి చెవి కూడా లేకుండా పోవడానికి కారణం ఆ వారాలే. మొటిమల మందు ఐసోట్రెటినాయిన్ కూడా అలాంటిదే. ఈ రెండో మందు సంగతి తల్లిని పేరు పెట్టి అడగండి, "చెప్పుకోదగ్గ మందులు" అంటే చర్మం మందు చాలామందికి గుర్తు రాదు.

మూడు అర్ధవృత్తాకార కాలువల్లో పక్కకు ఉండేది, లాటరల్ కెనాల్, ఆఖరున తయారవుతుంది. అందుకే చెడితే మొదట అదే చెడుతుంది. అట్రీషియా (కాలువ మూసుకుపోయి పుట్టడం) పిల్లల సీటీలో లోపలి చెవిలో కనబడే తేడాల్లో దానిదే పెద్ద వాటా: కాలువ పొట్టిగా లావుగా ఉంటుంది, దాని మధ్యలో ఉండాల్సిన ఎముక ద్వీపం చిన్నదై పోతుంది, ఒక్కోసారి పక్కనున్న వెస్టిబ్యూల్ అనే గదితో కలిసిపోయి ఒకే సంచిలా కనబడుతుంది. ఇది ఉన్నంత మాత్రాన వినికిడి చెడినట్టు కాదు. ఎముక ద్వారా వినికిడి పూర్తిగా మామూలుగా ఉన్నవాళ్లలో కూడా ఇది కనబడుతుంది. సీటీ రిపోర్టు చూసి చెవుడు అని చెప్పేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

సీటీ సమయం గురించి నా లెక్క ఇది. లోపలి చెవి పుట్టేనాటికే పెద్దవాళ్లంత సైజు ఉంటుంది, ఆగినందువల్ల అది ఇంకా స్పష్టంగా కనబడేదేమీ లేదు. మధ్య చెవి, మాస్టాయిడ్ (చెవి వెనక ఎముక) సంగతి వేరు: పసిపిల్లల్లో గాలి నిండదు, మెత్తటి కణజాలం ఉంటుంది, ఇప్పుడు తీస్తే, శస్త్రచికిత్సకు చెవి ఎంత అనువో చెప్పే స్కోరు అన్యాయంగా తక్కువ వస్తుంది. అంటే, బెరా ఎముక ద్వారా మామూలుగా వస్తే ఐదారేళ్లకు ఒక్కసారే తీయండి. రాకపోతే ఇప్పుడే తీయండి. కనీసం ఎంఆర్ఐ అయినా, దానికి రేడియేషన్ లేదు.

ఇక రిక్వెస్ట్ సంగతి. "సీటీ టెంపోరల్ బోన్, మైక్రోషియా" అని రెండు ముక్కలు రాస్తే రిపోర్టు మొత్తం కాలువ, ఆసికిల్స్ (మధ్య చెవి ఎముకలు), ఫేషియల్ నరం (ముఖాన్ని కదిపే నరం) చుట్టూ తిరుగుతుంది. అందరూ వాడే జార్స్‌డోర్ఫర్ స్కోరు 1992 నుంచి ఉంది: పది మార్కులు, మధ్య చెవి ఎముకల్లో ఒకటైన స్టేపిస్‌కు రెండు, మిగతా ఎనిమిదింటికి ఒక్కొక్కటి. ఓవల్ విండో, రౌండ్ విండో (లోపలి చెవికి ఉండే రెండు కిటికీలు), మధ్య చెవి ఖాళీ, ఫేషియల్ నరం, మాలియస్-ఇంకస్, ఇంకస్-స్టేపిస్ అతుకు, మాస్టాయిడ్ గాలి, డొప్ప ఆకారం. ఇందులో నత్తకు ఒక్క మార్కు కూడా లేదు. తొమ్మిది వచ్చిన చెవిలో కూడా నత్త సగమే ఉండొచ్చు. అందుకే ఇలా రాయండి:

"0.5 - 0.6 మి.మీ. స్లైసులు, బోన్ ఆల్గారిథమ్, లాటరల్ కెనాల్ తలానికి సమాంతరంగా ఏక్సియల్, దానికి లంబంగా కరోనల్. రెండు చెవులకూ కొలతలు ఇవ్వండి: నత్త చుట్లు, మొడియోలస్ ఉందా, కరోనల్‌లో నత్త ఎత్తు, లాటరల్ కెనాల్ ఎముక ద్వీపం వెడల్పు, వెస్టిబ్యులర్ ఆక్విడక్ట్ మధ్య వెడల్పు, కాక్లియర్ అపెర్చర్, ఇంటర్నల్ ఆడిటరీ కెనాల్ వెడల్పు, స్టేపిస్ పాదం, ఓవల్ విండో."

అంకెలు వచ్చాక పోల్చుకోడానికి: నత్త ఎత్తు 4.4 నుంచి 5.9 మి.మీ. మధ్య మామూలు. ఎముక ద్వీపం 2.6 నుంచి 4.8. ఆక్విడక్ట్ (లోపలి చెవి నుంచి మెదడు పొర వైపు పోయే సన్నటి ఎముక దారి) మధ్యలో 1.5 దాటితే పెద్దదని పాత లెక్క, 1.0 అంతకు మించినా, దాని నోరైన ఒపర్క్యులమ్ దగ్గర 2.0 అంతకు మించినా పెద్దదేనని తర్వాత వచ్చిన సిన్సినాటి లెక్క. కాక్లియర్ అపెర్చర్ (నత్త నరం నత్తలోకి దూరే రంధ్రం) 1.4కు తక్కువైతే నత్త నరం సన్నగా ఉందనో అసలు లేదనో అనుమానించాలి. ఆ అనుమానం తీర్చేది సీటీ కాదు. ఎంఆర్ఐలో టీ2 బాగా ఎక్కువ పెట్టి తీసే సిస్ లేదా ఫియెస్టా సీక్వెన్సులో, చెవి నరాలు పోయే ఇంటర్నల్ ఆడిటరీ కెనాల్‌కు అడ్డంగా ఏటవాలు శాజిటల్ కోతల్లో నాలుగు నరాలూ విడివిడిగా కనబడతాయి. ఒకటి తక్కువైతే అక్కడ దొరికిపోతుంది. అర మిల్లీమీటరు తేడాలో రోగనిర్ధారణ మారిపోతుంది కాబట్టి, కొలిచేటప్పుడు బొమ్మ పెద్దది చేసి, రెండు వైపులా ఒకే తలంలో కొలవాలి.

పసిపిల్లల_క్లినిక్:

ఇద్దరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే రెండు చానెళ్లతో చేయించాం. ఎడమ చెవి గాలి ద్వారా 500, 2000, 4000 మూడింటా మామూలే. కుడి చెవికి ఎడమ వైపు మాస్కింగ్ పెట్టి ఎముక ద్వారా: 500 దగ్గర 20లో స్పష్టంగా ఉంది. 2000 దగ్గర 30లో లేదు, 40లో ఉంది, కుడి చానెల్‌లోనే పెద్దదిగా, ముందుగా. నత్తలో చిన్న లోపం ఉన్నట్టా? సీటీ ఇప్పుడే తీయాలా?

ఆడియో_గది:

500 మామూలుగా ఉండి, 2000 ఒక్కటే పది డెసిబెల్స్ ఎక్కువగా ఉండటం నత్త లోపమని చెప్పడానికి చాలదు. రెండు మామూలు కారణాలు ముందు తోసిపుచ్చాలి. బ్యాండ్ వదులై ఉండటం ఒకటి. రెండోది అసలు అట్రీషియాదే. మాలియస్, ఇంకస్ రెండూ ఒకే ముద్దై ఎముక పలకకు అతుక్కుపోయి ఉంటాయి. ఎముక ద్వారా విన్నప్పుడు కూడా ఆసికిల్స్ ఊగిసలాట కొంత వాటా ఇస్తుంది, ఆ వాటా 2000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఎక్కువ. అవి బిగుసుకుపోతే అక్కడ 15 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. స్టేపిస్ బిగుసుకుపోయే జబ్బు, ఓటోస్క్లెరోసిస్‌లో కార్‌హార్ట్ నాచ్ అంటామే, అదే. నత్తకు దీనితో సంబంధం లేదు.

ఇంకో నిద్రలో బ్యాండ్ బలం కొలిచి, వైబ్రేటర్ చోటు మార్చి 2000ను మాత్రం మళ్లీ చెయ్యండి, పది నిమిషాల పని. 40లోనే నిలిస్తే ఆరు నెలలకు మళ్లీ చూడండి. 50కి పెరిగితే, లేదా 500 కూడా దిగితే అప్పుడు ఆలోచిద్దాం. ఎన్‌హెచ్‌ఎల్ అంకెను నేరుగా ఆడియోగ్రామ్ మీద పెట్టకండి, మీ యంత్రం కరెక్షన్ వేరే ఉంటుంది.

స్కాన్_చదువరి:

నేను ఇంత నింపాదిగా ఉండను. ఆక్విడక్ట్ పెద్దదైన చెవిలో కూడా తక్కువ పౌనఃపున్యాలు ఎముక ద్వారా బాగుండి, ఎక్కువ పౌనఃపున్యాలు మొదట జారతాయి. మామూలు చెవిలో అయితే కర్ణభేరి బాగుండి కూడా గాలికి, ఎముకకి తేడా వస్తే దాన్ని పట్టుకోవచ్చు. ఇక్కడ అట్రీషియా ఆ తేడాను కప్పేస్తుంది. అది ఉంటే తలకు చిన్న దెబ్బ తగిలినా వినికిడి మెట్టుమెట్టుగా పడిపోతుంది, ఎడమ వైపు కూడా ఉండే అవకాశం ఉంది. ఎంఆర్ఐ ఒకటి తీసిపెట్టుకుంటే మనశ్శాంతి.

చెవి_సర్జన్:

ఎంఆర్ఐ అంటే ఈ వయసులో నిద్రమందు, ఒక్కోసారి మత్తు. ఒకే పౌనఃపున్యంలో పది డెసిబెల్స్ కోసం నేను ఆ పని చెయ్యను. నేను ఆడియో_గది పక్షం. ఎడమ చెవి మూడు పౌనఃపున్యాల్లోనూ మామూలుగా ఉంది, పాప మాటకు ఇబ్బంది లేదు. ఆరు నెలలకు బెరా చూసి, అప్పుడు దిగి ఉంటే స్కాన్. ఈలోపు నేను ఎదురుచూడకుండా స్కాన్ తీసేవి మూడే: ముఖం ఒక పక్క కదలకపోవడం, కాలువ స్థానంలో సూదిమొనంత రంధ్రంలోంచి చీము గానీ వెనక వాపు గానీ రావడం, మెనింజైటిస్.

రెండోదానికి కారణం ఉంది. కాలువ పూర్తిగా మూసుకుపోయిన చెవి కంటే సన్నగా మిగిలిన చెవే ప్రమాదం. 2 మి.మీ., అంతకంటే సన్నటి కాలువలో రాలిన చర్మం బయటికి రాలేక లోపల ముద్దకట్టి కొలెస్టియాటోమా అవుతుంది, ఎముకను తింటుంది. మీ పాపకు కాలువ లేదన్నారు కాబట్టి ఆ భయం తక్కువ. అయినా ముద్ద కింద చిన్న గుంట ఉందేమో భూతద్దంతో ఒకసారి చూడండి.

మెనింజైటిస్ విషయంలో లోపలి చెవి అసలు అపాయం బయటపడుతుంది. నత్తకూ ఇంటర్నల్ ఆడిటరీ కెనాల్‌కూ మధ్య గోడ సరిగ్గా ఏర్పడని చెవుల్లో, ముఖ్యంగా ఇన్‌కంప్లీట్ పార్టిషన్ ఒకటో రకంలో (నత్త లోపలి గోడలు లేక ఖాళీ సంచిలా ఉండే రకం), మెదడు చుట్టూ ఉండే నీరు నత్తలోకి, అక్కడి నుంచి పలచబడ్డ స్టేపిస్ పాదం గుండా మధ్య చెవిలోకి కారుతుంది. మామూలు చెవిలో అది కర్ణభేరి వెనక కనబడుతుంది, లేదా చెవిలోంచి కారుతుంది. ఈ పిల్లల్లో బయటికి దారి లేదు, యూస్టేషియన్ గొట్టం గుండా ముక్కులోకి జారుతుంది. వంగినప్పుడు ఒక వైపు ముక్కులోంచి నీళ్లలా కారితే జలుబని సరిపెట్టకండి. ఆ నీటిలో బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ (మెదడు నీటిని గుర్తుపట్టించే ప్రోటీన్) చూడాలి. న్యూమోకాకస్ మెనింజైటిస్ ఒక్కసారి వచ్చినా కారణం చెవేమోనని సీటీ తీయాలి, రెండోసారి దాకా ఆగకూడదు. న్యూమోకాకల్, హిబ్ టీకాలు ఒక్క డోసు కూడా తప్పకుండా చూడండి.

శస్త్రచికిత్స మాట. కాలువ తెరిచే ఆపరేషన్‌కు నాకు కావాల్సిన మొదటి అంకె స్కోరు కాదు, ఎముక ద్వారా వినికిడి. ఆపరేషన్ బాగా జరిగినా 20-30 డెసిబెల్స్ దగ్గర ఆగుతుంది. నత్తే 40 దగ్గర ఉంటే కాలువ తెరిచి లాభం ఏముంది, ఎలాగూ వినికిడి మిషను పెట్టుకోవాలి. స్కోరు 7 పైన ఉండి, నత్త మామూలుగా ఉంటేనే నేను మాట ఇస్తాను. 5, అంతకు తక్కువైతే ఇవ్వను. లాటరల్ కెనాల్ లావుగా ఉన్న చెవిలో యాంట్రమ్ (మాస్టాయిడ్ లోపలి గాలి గది) దగ్గర డ్రిల్ ఊహించినదానికంటే ముందే దాని మీద పడుతుంది. అది తెరుచుకుంటే నత్త పోతుంది. ఆసికిల్స్ మీద డ్రిల్ తాకినా ఎక్కువ పౌనఃపున్యాలు పోతాయి, అందుకే ఎముక పలకలో చివరి పొర డ్రిల్‌తో తీయం, క్యూరెట్‌తోనో లేజర్‌తోనో తీస్తాం. ఆక్విడక్ట్ పెద్దదైన చెవిలో స్టేపిస్ కదిపితే నీరు ఉబికి వస్తుంది, దాని జోలికి పోకూడదు.

నత్త గట్టిగా చెడిన అట్రీషియా చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ (నత్త నరాన్ని నేరుగా విద్యుత్తుతో పలికించే పరికరం) పెట్టొచ్చు, కానీ అది చేయితిరిగినవాళ్ల పని. కర్ణభేరి ఉంగరం అనే గుర్తు ఉండదు. ఫేషియల్ నరం రెండో మలుపు దగ్గర పదునుగా తిరిగి ముందుకి, పక్కకి వచ్చేస్తుంది, మనం డ్రిల్ చెయ్యాలనుకున్న చోటే ఉంటుంది. నరం మానిటర్ లేకుండా మొదలుపెట్టకూడదు. నత్త నరం లేని చెవికి ఇంప్లాంట్ పెట్టి ప్రయోజనం ఉండదు, అందుకే ముందు ఎంఆర్ఐ.

జన్యు_క్లినిక్:

చెవి కంటే మిగతా ఒళ్లే లోపలి చెవి గురించి ఎక్కువ చెబుతుంది, ఒక ఐదు నిమిషాలు కేటాయించండి. ఎడమ చెవి ముందు సూదిగుంట, మెడ పక్కన గుంట గానీ తడి మచ్చ గానీ ఉంటే బ్రాంకియో-ఓటో-రీనల్ సిండ్రోమ్: నత్త చుట్లు విప్పుకుపోయి ఉంటాయి, ఆక్విడక్ట్ పెద్దది, కిడ్నీ అల్ట్రాసౌండ్ తప్పదు. కంటి పాపలో చీలిక, ముక్కు వెనక మూసుకుపోవడం, గుండె లోపం, తమ్మె లేని పొట్టి వెడల్పాటి చెవులు ఉంటే చార్జ్ సిండ్రోమ్: అర్ధవృత్తాకార కాలువలు అసలు ఉండవు, నత్త నరం తరచూ సన్నం. కనుగుడ్డు మీద కొవ్వు మచ్చ, దవడ ఒక పక్క చిన్నది, వెన్నుపూస తేడా అంటే గోల్డెన్‌హార్. అందులో లోపలి చెవి చెడటం మామూలు అట్రీషియాలో కంటే ఎక్కువ. మలద్వారం, బొటనవేలు తేడాలుంటే టౌన్స్-బ్రాక్స్. పళ్లు వచ్చాక చాలా చిన్నవిగా ఉండి, రెండు వైపులా ఎముక ద్వారా కూడా ఏమీ వినకపోతే ఎఫ్‌జీఎఫ్3 జన్యువు. అక్కడ లోపలి చెవే ఉండదు.

ట్రీచర్ కాలిన్స్ ముఖం చూసి తల్లిదండ్రులు ఎక్కువ భయపడతారు గానీ, లోపలి చెవి లెక్కలో అది చాలావరకు నయం. రెండు వైపులా మూసుకుపోయినా నత్తలు సాధారణంగా బాగుంటాయి, ఎముక ద్వారా వినిపించే మిషను బాగా పని చేస్తుంది.

పసిపిల్లల_క్లినిక్:

మెడ, కళ్లు, వేళ్లు చూశాను, ఏమీ లేవు. ఎడమ చెవి ముందు గుంట కూడా లేదు. ఒక్క సందేహం: లాటరల్ కెనాల్ తేడా ఉంటే బ్యాలెన్స్ సంగతి? కాలువ లేని చెవిలో నీళ్ల పరీక్ష ఎలాగూ కుదరదు కదా. సాఫ్ట్‌బ్యాండ్ (ఎముక ద్వారా వినిపించే మిషనున్న తలపట్టీ) ఇప్పుడే పెట్టించాలా?

ఆడియో_గది:

కుదరదు. నీళ్లు పోసే కాలువ లేదు, గాలి పోసినా వేడి లోపలికి ఎముక గుండా సరిగ్గా పోదు, వచ్చిన ఫలితం నమ్మలేం. దానికి బదులు తిరిగే కుర్చీ పరీక్ష, వీడియో హెడ్ ఇంపల్స్ (తల చటుక్కున తిప్పి కళ్ల కదలిక చూసే పరీక్ష) ఉన్నాయి. రెండోది చెవి కాలువతో పని లేకుండా ఒక్కో అర్ధవృత్తాకార కాలువను విడిగా చూస్తుంది, పిల్లల కళ్లజోడు సరిపోయే వయసు వస్తే చాలు. వెంప్ (శబ్దానికి బ్యాలెన్స్ భాగం ఇచ్చే స్పందనను కండరాల్లో చూసే పరీక్ష) చెయ్యాలంటే గాలి శబ్దంతో చేస్తే అట్రీషియా వల్లనే అలలు మాయమవుతాయి, ఆ సున్నాను చూసి సాక్యూల్ (బ్యాలెన్స్ చూసే చిన్న సంచి) లేదని రాసేవాళ్లున్నారు. వైబ్రేటర్‌తో చెయ్యాలి.

ఒక్క వైపు తేడా అయితే పిల్లలు దాదాపు అందరూ సర్దుకుంటారు. రెండు వైపులా పోతేనే నడక వెనకబడుతుంది. మెడ నాలుగు నెలలకు నిలవకపోయినా, తొమ్మిది నెలలకు కూర్చోకపోయినా, పద్దెనిమిది నెలలకు నడవకపోయినా చెవుల వైపు చూడండి. చీకట్లో, మెత్తటి పరుపు మీద మరీ తూలితే అనుమానం బలపడుతుంది.

సాఫ్ట్‌బ్యాండ్ రెండు వైపులా మూసుకుపోయిన పిల్లలకు తప్పనిసరి, ఆలస్యం చెయ్యకూడదు. ఒక వైపే అయి రెండో చెవి పూర్తిగా బాగున్నవాళ్లకు అది ఐచ్ఛికం. లాభం ఉందని నమ్మేవాళ్లు, అక్కర్లేదనేవాళ్లు ఇద్దరూ ఉన్నారు. పెట్టాలనుకుంటే మిషను మాడు మీద మెత్తగా ఉండే చోట ఆనకూడదు, మాస్టాయిడ్ ఎముక మీదే ఉండాలి. బ్యాండ్ కింద ఒక వేలు దూరేంత బిగువు చాలు. పడుకోబెట్టినప్పుడు పక్కబట్ట తగిలి కూత వస్తే మిషను చెడిందనుకుని తీసేస్తారు, పక్కకు జరిపితే ఆగిపోతుందని చెప్పండి. చర్మం మధ్యలో ఉండటం వల్ల ఎక్కువ పౌనఃపున్యాలు పది పదిహేను డెసిబెల్స్ తగ్గుతాయి. మీ పాపకు 2000 దగ్గర నిజంగానే 40 అయితే ఆ మేరకు మిషను గెయిన్ పెంచి పెట్టాల్సి ఉంటుంది, కాబట్టి రెండో బెరా అయ్యేదాకా మిషను సెట్టింగు ఖాయం చెయ్యనివ్వకండి.

ఎడమ చెవిలో జలుబు నీరు చేరితే మాత్రం ఐచ్ఛికం అనే మాట పోతుంది. ప్రతి జలుబు తర్వాత ఆ చెవికి టింపనోమెట్రీ చెయ్యండి. ఆరు నెలల లోపు పిల్లలకు 226 కాదు, 1000 హెర్ట్జ్ ప్రోబ్ టోన్‌తో.